పులి కనబడని పులుల అడవి

విద్యార్థులను సంవత్సరమునకు ఒకమారైనను ఊరు దాటించి, పుస్తకములలో చదివినదానిని కన్నులార చూపవలెనన్నది మా ఉపాధ్యాయవర్గము చిరకాలముగా పాటించుచున్న నియమము. అట్టి యాత్రలలో ఒకదానియందు, ఒక చలికాలమున, మేము ఉన్నత తరగతుల బాలబాలికలతో బందీపుర పులుల అభయారణ్యమునకు పోయి వచ్చితిమి. తిరిగి వచ్చిన దినమున బంగారుపేట స్టేషనులో బిడ్డలకొరకు కాచియున్న తల్లులలో ఒకామె మమ్ము చూడగానే, "ఏమయ్యవారూ, అంత దూరం పోయి పులిని చూడకుండానే వస్తిరా?" అని అడిగెను. ఆమె కుమారుడు దారిలోనే ఫోను చేసి ఆ సంగతి చెప్పియుండెను.

ఆ మాటలో నిష్ఠురము కొంచెమే. న్యాయము మాత్రము చాల ఉన్నది. యాత్రకైన సొమ్మును ఒక్కొక్క కుటుంబము ఎన్ని అవసరములను వెనుకకు నెట్టి పంపినదో మేమెరుగుదుము. ఆనాడు సామానులు దించుకొను తొందరలో మేమామెకు సరియైన సమాధానము చెప్పలేకపోయితిమి. ఆమెవలెనే తలచిన తలిదండ్రులు ఇంకను కొందరుందురు గనుక, ఆ సమాధానమును ఈ సంచిక మూలముగా అందరికిని విన్నవించుకొనుచున్నాము.

ప్రయాణము

బంగారుపేట జంక్షను నుండి బెంగళూరునకు రైలుమార్గమున సుమారు 70 కిలోమీటర్లు. అచ్చట బండి మారి మైసూరు చేరి ఆ రాత్రి విశ్రమించితిమి. మరునాటి ఉదయమున 1892లో మహారాజుల పోషణలో స్థాపింపబడిన జంతు ప్రదర్శనశాలను చూచితిమి. అచ్చట పిల్లలు కందకమునకు ఆవలి ఒడ్డున పండుకొనియున్న పులిని తనివితీర చూచిరి. కావున పులి యెట్లుండునో తెలియక మా బిడ్డలు తిరిగి రాలేదని మొదట మనవి చేయుచున్నాము.

తరువాత నంజనగూడు, గుండ్లుపేట మీదుగా దక్షిణముగా ప్రయాణము చేసితిమి. మైసూరునుండి బందీపురమునకు సుమారు 80 కిలోమీటర్లు. గుండ్లుపేట దాటిన కొంతసేపటికి చేలు ముగిసి చెట్లు మొదలైనవి. ఈ అడవిలోగుండా రెండు జాతీయ రహదారులు పోవుచున్నవి. ఒకటి ఊటీకి, ఒకటి కేరళములోని వయనాడునకు. 2009వ సంవత్సరము మొదలు రాత్రి 9 గంటలనుండి ఉదయము 6 గంటలవరకు ఈ రెండు మార్గములను సామాన్యమైన వాహనములకు మూసియుంచుచున్నారు. రాత్రివేళ బండ్ల క్రిందపడి జంతువులు చచ్చుచుండుటయే దీనికి కారణము. ఈ సంగతి విని మా విద్యార్థిని యొకతె, "మనుషులకు రాత్రి సెలవు, జంతువులకు రాత్రి బడి" అని నవ్వినది.

అడవిలో చూచినది, విన్నది

అటవీశాఖవారి బస్సులో ఒక సాయంకాలమును, మరునాటి ఉదయమును అడవిలో తిరిగితిమి. చుక్కల దుప్పులు మందలుమందలుగా కనబడినవి. దారి ప్రక్కనే ఏనుగుల గుంపొకటి పిల్లను నడుమ నుంచుకొని మేయుచుండెను. నల్లని మేనును, తెల్లని మేజోళ్ళు తొడిగినట్లున్న కాళ్ళును గల అడవిదున్నలను చూచి పిల్లలు ఊపిరి బిగబట్టిరి. ఎఱ్ఱని రేచుకుక్కల గుంపు ఒకటి మమ్ము లక్ష్యపెట్టక దారి దాటిపోయినది.

ఉదయపు యాత్రలో ఒక మలుపువద్ద చోదకుడు బండి నిలిపెను. చెట్టు కొనమీది కొండముచ్చు ఒకటి ఖంగుమని దగ్గినట్లు అరచినది. క్రింద మేయుచున్న దుప్పులు తోకలెత్తి, ఒకే దిక్కునకు చెవులు నిక్కించి, కీచుమని కూసినవి. కొండముచ్చుకు ఎత్తునుండి చూపు ఆనును. దుప్పికి క్రిందనుండి వాసన తెలియును. కొండముచ్చు తుంచి పడవేసిన ఆకులను దుప్పి తినును. ఒకదాని హెచ్చరిక రెండవదానికి ప్రాణరక్ష యగును. ఈ రెండు జాతుల స్నేహమును పాఠ్యపుస్తకములో ఒక పేరాగా చదివిన పిల్లలు, ఆనాడు దానిని చెవులార వినిరి. పావుగంట సేపు బస్సులో నలుబదిమంది పిల్లలలో ఒక్కరును కదలలేదు. తరగతి గదిలో అట్టి నిశ్శబ్దమును మేమెన్నడును ఎరుగము.

పులి రాలేదు. కొంత ముందుకు పోగా, దుమ్ములో తాజా అడుగుల జాడ కనబడినది. మా వెంట వచ్చిన అటవీశాఖ కాపలాదారు దానిని చూపి, "హులి ఈగష్టే హోగిదె, మక్కళే" అని చెప్పెను. పులి ఇప్పుడే పోయినదని అర్థము. ఆ అడుగులో గోళ్ళ గుర్తులు లేవు. పులి నడచునప్పుడు గోళ్ళను లోనికి ముడుచుకొనును. కుక్క అట్లు ముడువజాలదు గనుక దాని అడుగున గోళ్ళ గుర్తులు పడును. సమీపమున నున్న ఒక చెట్టు మానుపై పులి గోళ్ళతో గీరిన గీతలను కూడ ఆయన చూపెను. ఇది నా ఎల్ల అని తోడి పులులకు తెలుపుటకై అది చేయు సంతకము అది.

పులియు, హులియు

ఇచ్చట ఒక చిన్న భాషాపాఠము కూడ జరిగినది. కాపలాదారు "హులి" యనగానే, ఒక బాలుడు "మన పులికి ముందర హకారమెందుకు వచ్చింది అయ్యవారూ?" అని అడిగెను. ప్రాచీన కన్నడమున కూడ ఆ మాట పులియే. సుమారు పదవ శతాబ్దము మొదలుకొని కన్నడమున పదాది పకారము క్రమముగా హకారముగా మారినది. మన పాలు వారికి హాలు, మన పూవు హూవు, మన పంది హంది, మన పల్లె హళ్ళి యైనది. హొయ్‌సళ రాజుల పేరు వారి పూర్వశాసనములలో పొయ్‌సళ యని యుండుట కూడ ఈ మార్పునకే నిదర్శనము. తమిళమున నేటికిని పులి పులియే. కోలారు ప్రాంతమున ఈ మూడు భాషలును ఒక్క వీధిలో వినబడునవి గదా! పొరుగువాని మాట మనమాటకు ఎంత చుట్టమో పులి మూలముగా పిల్లలకు తెలిసినది.

అయితే, మా పిల్లలు అడవి జంతువుల పేర్లను చాలవరకు కన్నడములోనో ఇంగ్లీషులోనో ఎరుగుదురే కాని తెలుగులో ఎరుగరని కూడ ఆ దినమున బయటపడినది. కన్నడపు కడవె మన కణుజు. కాటి మన అడవిదున్న. కరడి మన ఎలుగుబంటి. సీళునాయి మన రేచుకుక్క. ఈ మాటలు ఇండ్లలో అవ్వతాతల నోట ఇంకను బ్రతికియున్నవి. రెండు పేర్లును తెలిసిన బిడ్డకు నష్టమేమియు లేదు. తన ఇంటి పేరు మరచిన బిడ్డకే నష్టము.

లెక్కల పాఠము

పులి గొప్పదనము దాని గర్జనలో కంటె దాని ఆకలిలో ఎక్కువగా తెలియును. ఒక పులికి సంవత్సరమునకు దుప్పి పరిమాణముగల జంతువులు సుమారు 50 ఆహారముగా కావలెనని శాస్త్రజ్ఞుల అంచనా. మంద తరుగక నిలువవలెనన్న, పులి అందులో పదవవంతుకు మించి తినరాదు. అనగా ఒక్క పులి వెనుక సుమారు 500 జంతువుల మంద యుండవలెను. 2022వ సంవత్సరపు గణనలో బందీపురమున 150 పులులున్నట్లు తేలినది. ఉత్తరాఖండములోని కార్బెట్ అభయారణ్యమునకు (260) తరువాత దేశమున ఇదియే రెండవ స్థానము. విద్యార్థులు బస్సులోనే లెక్క వేసిరి: 150ని 500చేత గుణింపగా 75,000. అన్ని జంతువులకు గడ్డి కావలెను. గడ్డికి వాన కావలెను. వాన నీరు నిలుచుటకు చెట్టును, రాలిన ఆకును కావలెను. లంటానా యను పరదేశపు పొద అడవిలో వ్యాపించి గడ్డిని మొలవనీయకున్నదని కాపలాదారు చెప్పినప్పుడు, గడ్డికి వచ్చిన చేటు పులికి ఎట్లు తగులునో పిల్లలకు ఎవరును వివరింపవలసిన పని లేకపోయినది.

మరి ఎవరికిని సులభముగా కనబడని జంతువును లెక్కించుట యెట్లు? పూర్వము అడుగుల జాడలనుబట్టి లెక్కించెడివారు. ఆ పద్ధతి నమ్మదగినది కాదని రాజస్థానములోని సరిస్కా అభయారణ్యమున రుజువైనది. కాగితములపై పులులుండగనే, అడవిలో ఒక్కటియు మిగులలేదని 2005 నాటికి బయటపడినది. మనుష్యుని వ్రేలిముద్రవలె పులి చారలు ఏ రెంటికిని ఒక్కటిగా నుండవు. దారికి ఇరువైపుల స్వయముగా ఫొటో తీయు కెమెరాలను అమర్చి, చారలనుబట్టి పులులను గుర్తించి లెక్కించు పద్ధతిని 1990 తరువాతి సంవత్సరములలో మన రాష్ట్రమునకే చెందిన శాస్త్రజ్ఞుడు ఉల్లాస్ కారంత్, బందీపురమునకు పొరుగుననున్న నాగరహొళె అడవిలో అభివృద్ధి పరచెను. నేడు దేశవ్యాప్తముగా జరుగు గణనకు ఆ కెమెరాలే ఆధారము.

వేటతోట అభయారణ్యమైన కథ

బందీపురము పూర్వము మైసూరు మహారాజుల వేటస్థలము. 1931లో అందు సుమారు 90 చదరపు కిలోమీటర్ల అడవిని వారే రక్షితస్థలముగా ప్రకటించిరి. 1941లో దానిని 800 చదరపు కిలోమీటర్లకు పైగా విస్తరించి, సమీపమున హిమవద్ గోపాలస్వామి కొండపై వెలసిన దేవుని పేర వేణుగోపాల వన్యమృగ ఉద్యానమని పేరిడిరి. స్వాతంత్ర్యము వచ్చిన పిదపను దేశమున వేట ఆగలేదు. 1972లో జరిగిన గణనలో దేశమంతటను 1,827 పులులు మాత్రమే యున్నట్లు అంచనా వేయబడినది. ఆ సంవత్సరమే వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చినది. 1973 ఏప్రిలు 1వ తేదీన పులుల రక్షణ పథకము ఆరంభమైనది. ఆ పథకములో మొట్టమొదట చేరిన తొమ్మిది అడవులలో బందీపురము ఒకటి.

కెమెరాలతో క్రొత్తపద్ధతిని లెక్కింపగా, 2006లో దేశపు పులుల సంఖ్య 1,411గా తేలి అందరును కలవరపడిరి. అటుపిమ్మట అది క్రమముగా పెరిగి 2022లో 3,682 అయినది. అందు కర్ణాటకముననే 563 కలవు. ఒకనాడు తుపాకి పట్టి పోయిన అడవికి నేడు మన బిడ్డలు నోటుపుస్తకము పట్టి పోయిరి. ఇది చిన్న మార్పు కాదు.

నష్టపడువారి మాట

ఈ కథలో సంతోషమును మాత్రమే చెప్పి ఊరకుండుట ఉపాధ్యాయులకు తగదు. బంగారుపేట తాలూకాలోనే కామసముద్రము వైపున నివసించు మా విద్యార్థుల కుటుంబములకు అడవి జంతువన నేమో ఎవరును చెప్పనక్కరలేదు. చిత్తూరు జిల్లా కౌండిన్య అభయారణ్యము వైపునుండి ఏనుగులు ఎల్ల దాటివచ్చి, కోతకు వచ్చిన రాగిచేనును, టమాట తోటను ఒక్క రాత్రిలో తొక్కిపోవుట వారు చూచినదే. బందీపురమున ఏనుగుల గుంపును చూచి బస్సంతయు సంబరపడుచుండగా, ఆ వైపునుండి వచ్చిన బాలుడొకడు మాత్రము, "మా నాయన దీన్ని చూస్తే ఇట్ల నవ్వడు అయ్యవారూ" అని మెల్లగా అనెను. ఆ మాట మమ్ము వెంటాడినది.

బందీపుర, నాగరహొళె అడవుల అంచు గ్రామములవారి కష్టము ఇంకను గొప్పది. 2025వ సంవత్సరాంతమున మైసూరు జిల్లా సరగూరు ప్రాంతమున పులుల వాతబడి రైతులు ప్రాణములు కోల్పోయిరి. ఆ నవంబరులో ప్రభుత్వము ఆ రెండు అడవులలోను సందర్శకుల యాత్రలను నిలిపివేసి, సిబ్బందిని ఆ గ్రామముల రక్షణకు పంపినది. మా యాత్ర అంతకుముందరిది; ఇకముందు పోదలచువారు అటవీశాఖవారిని విచారించి గాని బయలుదేరరాదు. అడవిలోనే పుట్టి పెరిగిన జేను కురుబలు, సోలిగలు మొదలగువారిలో అనేకులు అభయారణ్యములు ఏర్పడినప్పుడు తమ నెలవులను విడువవలసి వచ్చినది. చామరాజనగరము జిల్లా బిళిగిరిరంగ కొండలలోని సోలిగలకు 2011లో అటవీహక్కులు గుర్తింపబడుట, పులియును మనుష్యుడును ఒకే అడవిలో బ్రతుకుటకు దారి కలదనుటకు ఒక ఉదాహరణము.

కావున పులులు పెరిగినవని సంతోషించు మనము, ఆ పెరుగుదలకు మూల్యము చెల్లించువారు ఎవరో పిల్లలకు చెప్పియే తీరవలెను. చేను పోయిన రైతునకు పరిహారము ఆలస్యము లేక అందినప్పుడే అడవి నిలుచును. ఆగ్రహించిన గ్రామము నడుమ ఏ అభయారణ్యమును నిలువజాలదు.

ఆ అడవికిని మన ఊరికిని

"ఆ పులులు ఉంటే మనకేమి, లేకుంటే మనకేమి?" అని కూడ ఎవరైనను అడుగవచ్చును. బందీపురమునుండి ఉత్తరముగా పారు వాగులు కబిని నదిలో కలియును. కబిని తిరుమకూడలు నరసీపురమువద్ద కావేరిలో కలియును. అటుపిమ్మట కావేరి శివనసముద్రమువద్ద జలపాతమై దుముకును. దివాను శేషాద్రి అయ్యరు కాలమున తలపెట్టబడిన అచ్చటి విద్యుత్కేంద్రమునుండి 1902లో సుమారు 147 కిలోమీటర్ల పొడవున తీగెలు లాగి మొట్టమొదట కరెంటు ఇచ్చినది ఎచ్చటికి? మన కోలారు బంగారు గనులకే. బెంగళూరు వీధులలో కరెంటు దీపము వెలుగుట 1905లో. అంతకు మూడేండ్ల ముందే ఆ నీటి బలముతో మన గనులలో యంత్రములు తిరిగినవి. మా విద్యార్థులలో అనేకుల తాతముత్తాతలు ఆ గనులలో దిగి పనిచేసినవారే. 2001లో గనులు మూతబడినవి. ఆ నీటి సంబంధము మాత్రము తెగలేదు.

శివనసముద్రపు చెంతనుండియే కావేరి నీటిని బెంగళూరునకు ఎక్కించుచున్నారు. ఆ నగరము వాడి విడిచిన నీటిని శుద్ధిచేసి, 2018 మొదలు కోలారు జిల్లా చెరువులకు పంపుచున్నారు. ఆ నీటి మంచిచెడ్డలనుగురించి మన జిల్లాలో చర్చ కలదు; అది వేరొక వ్యాసమునకు తగిన విషయము. జీవనది యొకటియు లేని మన జిల్లాలో నేడు కొన్ని చెరువులు నిండుగా నున్నవన్న, ఆ నీటిలో కొన్ని బొట్లు బందీపురపు ఆకుల క్రింద ఆగి, ఊరి, మెల్లగా పారినవై యుండును. పులి కొరకు కాపాడిన అడవి ఆ నీటిని కూడ కాపాడుచున్నది.

మా సమాధానము

అమ్మా, మీరడిగిన ప్రశ్నకు ఇది మా సమాధానము. మీ కుమారుడు మైసూరులో పులిని చూచెను. బందీపురమున పులి బ్రతుకుటకు ఏమేమి కావలెనో చూచెను. దాని అడుగును కొలిచెను. దాని భయమునకు దుప్పి యెట్లు కూసినదో వినెను. 75,000 అను లెక్కను తానే కట్టెను. అడవి ఆరోగ్యముగా నున్నంతకాలము పులి ఎవరి టిక్కెట్టునకును కట్టుబడక తన ఇచ్చవచ్చినప్పుడు కనబడును, లేనిచో కనబడదు. ఈ ఓర్పును నేర్చుకొన్న బిడ్డ, పెద్దవాడైన పిదప అడవినిగాని, చెరువునుగాని కంటికి కనబడు లాభముతో మాత్రమే వెలకట్టడని మా నమ్మకము.

ఈ సంచిక ఇల్లు చేరిన సాయంకాలమున తలిదండ్రులు తమ బిడ్డలను కూర్చుండబెట్టుకొని ఈ క్రింది ప్రశ్నలను అడుగవలెనని ప్రార్థించుచున్నాము. జవాబులను తెలుగులో చెప్పించుడు.

1. పులి అడుగునకును కుక్క అడుగునకును భేదమేమి?

2. కొండముచ్చును దుప్పియు ఒకదానికొకటి ఎట్లు సాయపడును?

3. ఒక అడవిలో 20 పులులున్నచో, అవి నిలుచుటకు సుమారు ఎన్ని జంతువుల మంద యుండవలెను?

4. బందీపురపు వాగునీరు ఏయే నదులలో కలిసి శివనసముద్రము చేరును?

5. ఏనుగులు తొక్కిన చేను మనదే అయినచో, మనమేమి కోరుదుము? అడవికేమి చెప్పుదుము?

అయిదవ ప్రశ్నకు మావద్ద సిద్ధమైన జవాబు లేదు. కామసముద్రమువైపు తలిదండ్రులు తమ అనుభవమును వ్రాసి పంపినచో, రాబోవు సంచికలో దానిని ప్రచురించి, పిల్లలచేత చదివించెదము.